కోనసీమ ఉక్కలో ఖమ్రా: దాల్చినచెక్క ఘాటు, ఖర్జూరపు తీపి

గల్ఫ్ దేశాల నుంచి సెలవు మీద వచ్చేవారి పెట్టెలో సబ్బులు, చాక్లెట్లు, నొప్పుల బామ్ డబ్బాలతో పాటు ఒకటో రెండో సెంటు సీసాలు ఉండడం కోనసీమలో ఆనవాయితీ. రాజోలు, మలికిపురం వైపు పల్లెల నుంచి కువైట్‌కూ, మస్కట్‌కూ, దుబాయ్‌కూ వెళ్లినవారు ఏళ్ల తరబడి తెచ్చిపెట్టిన అరబ్బు సెంట్లకు ఇక్కడి ముక్కులు బాగానే అలవాటు పడ్డాయి. అయితే ఆ పాత సీసాల్లో ఎక్కువగా ఉండేవి ఊదు, గులాబీ, కస్తూరి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన లతాఫా సంస్థ 2022లో విడుదల చేసిన ఖమ్రా ఆ దారిని వదిలి వంటింటి దారి పట్టింది. దాల్చినచెక్క, జాజికాయ, ఖర్జూరం, వనిల్లా కలిపిన ఈ సెంటు ఇప్పుడు ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతున్నందువల్ల, దుబాయ్‌లో బంధువులు లేనివారి ఇళ్లకు కూడా చేరుతోంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇది ధరకు మించిన సెంటు. నేను అమలాపురంలో ఉంటూ, ఎండలోనూ, ముసురులోనూ, మంచులోనూ దీన్ని వాడి చూశాను. కార్తీకం నుంచి మాఘం వెళ్లేదాకా ఇది ఎంత హాయిగా ఉంటుందో, చైత్రం వచ్చేసరికి అంత భారమవుతుంది. ఆ తేడా సెంటులోని లోపం కాదు, మన గాలితో దానికి కుదరకపోవడమే. కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ పొత్తును అర్థం చేసుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

తినుబండారాలను గుర్తుకు తెచ్చే సెంట్లను ఆ వ్యాపారంలో గూర్మాండ్ అంటారు. ఈ తరహాకు ఊపు తెచ్చింది 1992లో తియరీ మ్యూగ్లర్ పేరుతో వచ్చిన ఏంజెల్ అని పరిమళాల చరిత్ర తెలిసినవారంతా ఒప్పుకుంటారు. అందులో ఇథైల్ మాల్టాల్ అనే పదార్థాన్ని అంతకుముందు ఎవరూ వాడనంత మోతాదులో వాడి, ఆ తీపి వెగటు కాకుండా పచౌలి ఆకు నూనెను ఎదురుగా నిలబెట్టారు. మామూలు పంచదారకు వాసన లేదు. దాన్ని పొయ్యి మీద పెట్టి రంగు మారేదాకా కాచినప్పుడే మనం తీపి వాసన అనుకునేది పుడుతుంది. ఇథైల్ మాల్టాల్ ఇచ్చేది ఆ కాగిన పంచదార వాసనే. మన డెల్టా మిఠాయిలను ఒకసారి ఈ లెక్కన చూడండి. తాపేశ్వరం కాజా నుంచి వచ్చేది ప్రధానంగా నెయ్యి, ఏలకుల వాసన. ఆత్రేయపురం పూతరేకుకు నెయ్యి వాసన తప్ప మరో గట్టి వాసన లేదు. ఆకలి పుట్టించే అసలైన తీపి వాసన మనకు మిఠాయి దగ్గర కంటే పాకం దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది. ఖమ్రాలోని తీపి కూడా పాకం తీపే గానీ మిఠాయి తీపి కాదు.

సంస్థ చెప్పే జాబితా ప్రకారం ఇందులో మొదట వచ్చేవి దాల్చినచెక్క, జాజికాయ, బెర్గమాట్. నడిమి వాసనల్లో ఖర్జూరం, ప్రాలీన్, లిల్లీపూలు, మహోనియల్ అనే కృత్రిమ పూల పరిమళం ఉన్నాయి. అడుగున వనిల్లా, టోంకా గింజ, సాంబ్రాణి, బోళం, ఆంబర్‌వుడ్ అనే కృత్రిమ చెక్క వాసన, అకిగలావుడ్ ఉన్నాయి. బెర్గమాట్ ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండే నిమ్మజాతి కాయ. ప్రాలీన్ అంటే ముదురుపాకంలో వేసిన బాదం లాంటి పప్పులు. మోరి జీడిపప్పుతో పాకం అచ్చు వేసిన ఇంటివారికి దాని వాసన వేరుగా పరిచయం చేయక్కరలేదు. కడియపులంక పూలమార్కెట్లో మూటలుగా తూచి అమ్మే లిల్లీపూలు ఇందులో ఉన్నాయని చదివి ఎంతో ఆశపడ్డాను గానీ, నా ముక్కుకు అవి దాదాపు అందలేదు. ఖర్జూరం వెనక కొంచెం మెత్తదనం తెచ్చి తప్పుకున్నాయంతే.

మూత తీసి చొక్కా చేతిమీద ఒక్కసారి కొడితే ముందు ముక్కుకు తగిలేది ఆల్కహాలు పొగరు. అది అర నిమిషంలో సర్దుకుంటుంది. ఆ వెంటనే దాల్చినచెక్క వస్తుంది, అదీ సన్నగా చుట్టలు చుట్టిన సింహళపు చెక్క కాదు, మన కిరాణా కొట్లలో బిర్యానీ కోసం కొనే మందపాటి చెక్క. ఆ మందపాటి చెక్కను శాస్త్రజ్ఞులు కేసియా అంటారు. దాన్ని విరిచినప్పుడు వచ్చే మొరటు తీపి ఇక్కడ యథాతథంగా ఉంది. కేసియాలో కౌమరిన్ అనే పదార్థం సింహళపు చెక్కలో కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చే టోంకా గింజ వాసనకు కూడా ఆ కౌమరినే మూలం. అంటే మొదట వినిపించే మసాలాకూ చివర మిగిలే తీపికీ ఒక చుట్టరికం ఉంది. అందువల్లే ఈ సెంటులో ఘాటు వెళ్లి తీపి రావడం గతుకు లేకుండా జరుగుతుంది. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో చెప్పడం కష్టం. ఈ సీసాలో నన్ను అన్నిటికంటే మెప్పించిన పనితనం అదే.

జాజికాయ ఉన్నది కొద్ది నిమిషాలే. బెర్గమాట్ సంగతి చెప్పుకోనవసరం లేదు. ఉందని తెలిసి వెతికితేనే దొరుకుతుంది.

ఖర్జూరం మాత్రం నెమ్మదిగా పైకి వచ్చి గంటలసేపు కూర్చుంటుంది. దీన్ని ఎండు ఖర్జూరం అనుకోకండి; రంజాన్ నెలలో అట్టపెట్టెల్లో వచ్చే, వేలికి అంటుకునే మెత్తని పండు ఖర్జూరం. గులాబీ, మల్లె నుంచి తీసినట్టు ఖర్జూరం నుంచి నూనె తీసి సెంట్లలో వాడే పద్ధతి లేదు. వేరు వేరు పదార్థాలను జతచేసి ఆ వాసన భ్రమ కలిగించాల్సిందే. ఆ భ్రమ ఇక్కడ బాగా కుదిరింది. కొద్దిగా ఎండుద్రాక్ష పులుపు, కొద్దిగా తేనె చిక్కదనం, పైన దాల్చినచెక్క పొడి. ఈ దశలో నేను మా పెద్దమ్మగారింటికి వెళితే, గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ లోపలి నుంచి, "ఏరా, వీధిలో ఎవరైనా అరిసెలు వండుతున్నారేంటి?" అని అడిగింది. ఏ సమీక్షకుడూ ఇంత కచ్చితంగా చెప్పలేడు. అరిసెల పాకం తీగ సాగి ఉండకట్టే వేళకు వచ్చే వాసనకూ, ఖమ్రా నడిమి దశకూ తేడా ఏలకులు, నువ్వులు లేకపోవడమే.

నాలుగైదు గంటల తర్వాత మిగిలే అడుగు వాసన గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవారికి ఈ సెంటు నచ్చినా నచ్చకపోయినా కారణం అక్కడే ఉంటుంది. జాబితాలో బెంజోయిన్ అని రాసేది మన సాంబ్రాణే. తలంటు పోసిన పసిబిడ్డల జుట్టు ఆరబెట్టడానికి నిప్పుల మీద వేసే ఆ బంకనే ఇక్కడ వనిల్లాకు ఆసరాగా వాడారు. నిప్పు తగలని సాంబ్రాణికి పొగ వాసన ఉండదు. వనిల్లాకు దగ్గరగా, కొంచెం మందు వాసనతో, మెత్తగా ఉంటుంది. బోళం దానికి ఒక చేదు చేరుస్తుంది. ఆయుర్వేద మందుల కొట్టు లోపలికి వెళ్లినప్పుడు తగిలే చేదు అది. ఈ రెండూ లేకపోతే ఖమ్రా ఒట్టి ఐస్‌క్రీమ్ వాసనగా తేలిపోయేది.

అకిగలావుడ్ అన్నది చెట్టు పేరు కాదు. పచౌలి నూనెను ఎంజైమ్‌లతో మార్చి జివోదాన్ సంస్థ తయారుచేసే పదార్థం. మిరియాల కారం, ఊదు చెక్క పొడిదనం రెండూ అందులో ఉంటాయి. ముప్పై ఏళ్ల కిందట ఏంజెల్‌లో తీపికి కళ్లెం వేసిన పచౌలే, ఇక్కడ రూపం మార్చుకుని అదే పని చేస్తున్నట్టు నాకనిపించింది. గూర్మాండ్ సెంటు ఏదైనా నిలబడేది తీపి వల్ల కాదు, ఆ తీపికి అడ్డు చెప్పే పదార్థం వల్లే. ఖమ్రాలో ఆ అడ్డు రెండు విడతలుగా ఉంది: ముందు మసాలా, చివర చెక్క, బోళం.

మన వాతావరణంతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. నిమ్మజాతి కాయల్లోనూ, జాజికాయలోనూ ఉండే తేలిక పదార్థాలు త్వరగా ఆవిరవుతాయి. దాల్చినచెక్కకు వాసననిచ్చే సినమాల్డిహైడ్ వాటికంటే నెమ్మది. వనిల్లాలోని వనిలిన్, టోంకాలోని కౌమరిన్ ఇంకా నెమ్మది. ఒంటి వేడి, గాలి వేడి పెరిగేకొద్దీ మొదటి రెండు రకాలూ తొందరగా వెళ్లిపోతాయి, మూడో రకం గట్టిగా లేస్తుంది. జనవరి ఉదయాన కాలువ గట్టు మీద మంచు ఇంకా విడవని సమయంలో ఘాటూ తీపీ గంటన్నర సేపు జోడుగా నడిచాయి. ఏప్రిల్‌లో అదే సెంటు వేసుకుని రావులపాలెం వెళ్లే బస్సు ఎక్కితే, బస్సు ఊరు దాటకముందే మసాలా పోయి పాకం ఒక్కటే మిగిలింది. పక్కన చెమట, డీజిలు పొగ, కిటికీలోంచి ఉక్కగాలి. ఆ పరిస్థితిలో పాకం వాసన ఎవరికీ హితంగా ఉండదు, వేసుకున్నవారికి అసలే ఉండదు. గాలిలో తడి ఎక్కువైతే వాసనలు మరింత బలంగా తెలుస్తాయని అనుభవజ్ఞులు చెబుతారు. డెల్టాలో తడికి కొదవ లేదు కాబట్టి, హైదరాబాద్‌లో నాలుగు సార్లు కొట్టుకునేవారు ఇక్కడ రెండింటితో సరిపెట్టుకోవడం మేలు.

వేసవిలో దీన్ని పూర్తిగా బీరువాలో పెట్టేయాలని అనను. భీమవరం, తణుకు వైపు ఏసీ కల్యాణ మండపాల్లో రాత్రి ముహూర్తాలకు ఇది చక్కగా సరిపోతుంది. గుమ్మంలో పన్నీరు చల్లి, చేతికి గంధం రాసే పెళ్లిలో చందనంతో ఇది కలవదేమోనని అనుమానపడ్డాను గానీ, రెండూ పోట్లాడుకోలేదు. పైగా గంధం చల్లదనం వల్ల వనిల్లా బరువు కొంచెం తగ్గింది. భోజనాల వరుసలో కూర్చున్నాక మాత్రం సెంటు ఉనికి తెలియదు; విస్తట్లో పనసకాయ కూర వడ్డించాక ఏ సెంటైనా ఓడిపోవలసిందే. తెల్లవారుజామున గుడికి, పొలానికి, ఆసుపత్రికి, చిన్న గదిలో పదిమంది కూర్చునే ఆఫీసుకు ఖమ్రా తగదు. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జనసందోహంలో వేసుకుంటే బాగుంది. ఆరుబయట కావడం, చల్లగాలి ఉండడం వల్ల వాసన ఎవరి మీదా పడి కూర్చోలేదు.

వాడే పద్ధతి విషయంలో రెండు జాగ్రత్తలు. సినమాల్డిహైడ్ కొందరి చర్మానికి పడదు. అందుకే పరిమళ పరిశ్రమ దాని వాడకానికి పరిమితులు పెట్టుకుంది. దురద, దద్దుర్లు తరచుగా వచ్చేవారు మోచేతి లోపల కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడడం మంచిది, లేదా బట్టల మీదే వాడుకోవాలి. అయితే బట్టల దగ్గర రెండో జాగ్రత్త ఉంది. ఈ ద్రవం తేనెరంగులో ఉంటుంది. వనిలిన్ ఉన్న ద్రవాలు కాలం గడిచేకొద్దీ ఇంకా ముదురురంగుకు తిరుగుతాయి. తెల్ల పంచె మీద, తెల్ల చొక్కా కాలరు మీద దగ్గరగా కొడితే పసుపు మరక పడుతుంది. ఉతికినా మొండికేస్తుంది. చొక్కా వేసుకునే ముందు ఛాతీ మీద ఒకటి, చొక్కా అంచు లోపలివైపు జానెడు దూరం నుంచి ఒకటి, అంతే చాలు. నూలు బట్ట మీద మరునాటి దాకా, పట్టుపంచె మడతలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఒంటి మీద మంచు కాలంలో ఉదయం వేసుకుంటే సాయంత్రం దీపాల వేళకు కూడా ఉంటుంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికి చర్మానికి ముక్కు ఆనించి వెతుక్కోవాలి.

ఖమ్రా పేరెత్తగానే దీన్ని ఏంజెల్స్ షేర్‌తో పోల్చడం పరిపాటి అయింది. కిలియన్ పేరుతో 2020లో వచ్చిన ఆ సెంటును రూపొందించినవారు బెనోవా లపూజా. కోన్యాక్ అనే ఫ్రెంచి ద్రాక్షసారా, దాల్చినచెక్క, టోంకా, ఓక్ చెక్క, ప్రాలీన్, వనిల్లా దాని పునాది. ఖరీదులో రెండింటికీ పొంతనే లేదు. ఖమ్రా వంద మిల్లీలీటర్ల సీసాకు నేను పెట్టిన డబ్బుతో అది చిన్న సీసా కూడా రాదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో దాన్ని అట్టముక్క మీద కొట్టించుకుని, ఖమ్రా రాసుకున్న చేతి పక్కన పెట్టి చూశాను. చుట్టరికం కనిపిస్తుంది గానీ నకలు అనడం సబబు కాదు. దానిలో సారా, చెక్కపీపా వాసన ముందుంటాయి, తీపి వాటి వెనక నడుస్తుంది. దీనిలో ఖర్జూరం ముందుంది, సారా జాడ లేదు. మెరుగు దానిదే, సందేహం లేదు: దాని అంచులు మరింత నున్నగా ఉన్నాయి. దీనిలో ఆంబర్‌వుడ్ అప్పుడప్పుడు ముక్కుపుటాన్ని గీరుతుంది. అయినా ఈ రెంటిలో ఇంటి మనిషిలా అనిపించేది నాకు ఖమ్రాయే.

గూర్మాండ్ సెంట్లలో చాక్లెట్ వాసన ఉన్నవి కూడా చాలా ఉన్నాయి. కోనసీమ కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో వేసే రైతుల దగ్గర, గింజలు పులియబెట్టే రోజుల్లో నిలబడి చూస్తే, చాక్లెట్ వాసన మచ్చుకైనా తగలదు, పుల్లని ఘాటు తప్ప. గింజ ఎండి, వేగితేనే ఆ వాసన పుడుతుంది. ఖమ్రాలో చాక్లెట్ లేదు. చాక్లెట్ కోసం దీన్ని కొనేవారు నిరాశపడతారని చెప్పడానికే ఈ మాట ఎత్తాను.

పేరున్న సీసా కావడంతో నకిలీలు కూడా బాగానే తిరుగుతున్నాయి. మా పిన్ని కొడుకు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర సగం ధరకు తెప్పించినదాన్ని చూశాను. పెట్టె మీద అక్షరాలు మసకగా ఉన్నాయి, సీసా గాజు పలుచన, మొదటి పిచికారీలో దాల్చినచెక్క బదులు చవక వనిల్లా ఎసెన్స్ గుప్పుమంది, గంట గడిచేసరికి ఏమీ మిగలలేదు. అసలైన సీసా చేతికి బరువుగా తగులుతుంది, గాజు మీద కోతలు పదునుగా ఉంటాయి. తెరిచాక నెలరోజులు పక్కన పెడితే సెంటు ముదురుతుందని చాలామంది అంటారు. మొదటి ఆల్కహాలు పొగరు కొంత తగ్గినట్టు అనిపించింది గానీ, మిగతా వాసనలో చెప్పుకోదగ్గ మార్పు నాకు కనిపించలేదు. నిలవ విషయంలో జాగ్రత్త మాత్రం తప్పదు. కిటికీ గూట్లోనూ, స్నానాలగదిలోనూ, రేకుల కప్పు కింద అటక మీదా పెడితే ఎండకాలం ఒక్కదానితోనే పాడవుతుంది. లోపలి గదిలో చెక్కబీరువా అడుగు అర, పెట్టెతో సహా, సరైన చోటు.

2023లో ఇదే వరుసలో ఖమ్రా ఖహ్వా అని మరొకటి వచ్చింది. దానిలో దాల్చినచెక్కతో పాటు ఏలకులు, అల్లం, అడుగున కాఫీ చేర్చారు. ఏలకులు రావడంతో అది మన మిఠాయికి ఇంకొంచెం దగ్గరైంది. కాఫీ చేదు వల్ల తీపికి అడ్డు కూడా ఒకటి పెరిగింది. ఉక్కలో రెండిటినీ వేసి చూస్తే ఖహ్వాయే కాస్త తేలికగా ఊపిరి ఆడనిస్తుంది. కానీ ఖర్జూరపు నిండుదనం దానిలో లేదు. చలికాలానికే కొనేవారు పాతదాన్నీ, ఏడాది పొడవునా ఏదో ఒకటి వాడాలనుకునేవారు ఖహ్వానూ తీసుకోవచ్చు. ఒకే ఇంట్లో రెండూ అక్కరలేదు. ఒక పిచికారీకి మిల్లీలీటరులో పదోవంతు పోతుందనుకుంటే వంద మిల్లీలీటర్ల సీసాలో వెయ్యి పిచికారీలు ఉంటాయి. రోజుకు రెండు చొప్పున కార్తీకం నుంచి మాఘం దాకా వాడినా ఒక్కరికి నాలుగు చలికాలాలు వస్తుంది. అందువల్ల అన్నదమ్ములో స్నేహితులో కలిసి ఒక సీసా కొని, పది మిల్లీలీటర్ల చిన్న స్ప్రే సీసాల్లోకి పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది, వెగటు పుట్టకముందే సెంటూ అయిపోతుంది.